ఒక్క కణం నుంచి ఒళ్ళంతా: ఉల్లిగడ్డ, నాలుగు దారాలతో కణ విభజన నేర్చుకునే పద్ధతి

హనుమకొండలో ఇంటర్ బైపీసీ పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. ప్రతి ఏడాదీ అదే తంతు. కణ విభజన దశలు చెప్పమంటే ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అని క్లాసంతా ఒక్క గొంతుతో అప్పజెబుతుంది. "సరే, మీ కాలేయంలోని కణానికీ, కంట్లోని కణానికీ డీఎన్ఏలో తేడా ఏంటి?" అని అడిగితే మాత్రం సగం మంది "వేరే వేరే జన్యువులుంటయ్ మేడం" అంటారు. పేర్లు వచ్చాయి, సంగతి రాలేదు.

ఈ మార్గదర్శి ఆ సగం మంది కోసం. పది రోజులు, రోజుకు అరగంట చాలు. ఒక ఉల్లిగడ్డ, గుప్పెడు మక్క గింజలు, రెండు రంగుల దారం, ఎనిమిది ప్రెస్ బటన్లు తెచ్చిపెట్టుకోండి. మైక్రోస్కోపు పని మాత్రం కాలేజీ ల్యాబులో, లెక్చరర్ పక్కన ఉండగా చేయాలి. మిగతాదంతా ఇంట్లో అయిపోతుంది.

1. ముందు రెండు సంగతులను విడదీయండి

ఒక కణం రెండు కావడం విభజన. అలా పుట్టిన కణాలు కండరంగానో, చర్మంగానో, నాడిగానో మారడం విభేదనం. పుస్తకంలో ఈ రెండూ వేర్వేరు పాఠాల్లో ఉంటాయి కాబట్టి పిల్లల బుర్రలోనూ వేర్వేరు గదుల్లోనే ఉండిపోతాయి. ఒంట్లో మాత్రం రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే నడుస్తాయి.

నోటుపుస్తకంలో ఒక లెక్క చేయండి. 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ వెళ్ళండి. 45వ సారికి 35 లక్షల కోట్లు దాటుతుంది. పెద్ద మనిషి ఒంట్లో కణాలు సుమారు 37 లక్షల కోట్లని అంచనా. అంటే కేవలం లెక్క కోసమైతే నలభై అయిదారు విభజనలు చాలు. నిజానికి అంతకంటే చాలా ఎక్కువే జరుగుతాయి, ఎందుకంటే దారిలో కోట్ల కణాలు చనిపోతూనే ఉంటాయి. ఎర్ర రక్తకణాలే సెకనుకు 20 లక్షల చొప్పున కొత్తవి తయారవుతుంటాయి. మీరు ఈ వాక్యం చదివేలోపు కోటి పుట్టాయి.

ఇంకొక అంకె కూడా పక్కన రాసుకోండి: 46. మనిషి కణంలోని క్రోమోజోములు. ఇది ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు గానీ, 1956 దాకా పుస్తకాల్లో 48 అని ఉండేది. ఆ ఏడాది స్వీడన్‌లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ స్లైడు సరిగ్గా తయారు చేసి లెక్కపెడితే 46 తేలాయి. ముప్పై ఏళ్ళకు పైగా నిపుణులంతా అద్దంలోంచి చూస్తూ కూడా 48 అనే అన్నారు. ల్యాబులో మీకు మొదటి రోజు ఏమీ కనిపించకపోతే దిగులు పడకండి.

2. ఉల్లిగడ్డను నీళ్ళ మీద కూర్చోబెట్టండి

మనిషి కణాల పాఠానికి ఉల్లిగడ్డ ఎందుకని అడుగుతారు. మన ఒంట్లో విభజన జరిగే చోట్లు ఎముకల మూలుగలో, పేగుల గోడలో, చర్మం అడుగు పొరలో ఉంటాయి. అక్కడి నుంచి తీసి చూడలేం. ఉల్లి వేరు కొన మన కళ్ళ ముందే పెరుగుతుంది, పైగా దాని క్రోమోజోములు లావుగా, 16 మాత్రమే ఉంటాయి. ప్రధానమైన ఆట రెండింట్లోనూ ఒకటే.

చిన్న ఉల్లిగడ్డ తీసుకోండి. అడుగున ఎండిపోయిన పాత వేర్లను బ్లేడుతో పైపైన గీకేయండి. కింద గుండ్రంగా ఉండే దిమ్మ తెగకూడదు, కొత్త వేర్లు పుట్టేది దాని అంచునుంచే. గ్లాసు నిండా నీళ్ళు పోసి, గడ్డ అడుగు మాత్రమే నీళ్ళకు తగిలేలా మూడు అగ్గిపుల్లలు గుచ్చి నిలబెట్టండి. రోజూ నీళ్ళు మార్చాలి. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేర్లు రెండు సెంటీమీటర్ల దాకా దిగుతాయి. కొన్ని గడ్డలు మొండికేసి వేరే వేయవు, అందుకే రెండు మూడు పెట్టుకుంటే మంచిది. మన వరంగల్ ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో, ఈ పని పెట్టుకోకండి. నీళ్ళు వేడెక్కి గడ్డ కుళ్ళి ఇల్లంతా వాసన వస్తుంది, ఇంట్లోవాళ్ళు ఉల్లిగడ్డతోపాటు మిమ్మల్నీ బయట పెడతారు. దసరా తర్వాత నుంచి శివరాత్రి లోపు బాగుంటుంది.

3. అదే రోజు మక్క గింజలకు గీతలు పెట్టండి

ఈ మెట్టు చాలా మంది వదిలేస్తారు. నా లెక్కలో మాత్రం అన్నిటికంటే విలువైనది ఇదే, ఎందుకంటే విభజన ఎక్కడ, విభేదనం ఎక్కడ అన్నది దీంట్లో పక్కపక్కనే కనిపిస్తుంది.

మక్క గింజలను రాత్రంతా నానబెట్టి తడిబట్టలో మూట కట్టండి. రెండు మూడు రోజుల్లో వేరు రెండు సెంటీమీటర్లు వస్తుంది. వేరును మెత్తటి కాగితంతో అద్ది, నీటికి చెరగని సన్నటి మార్కర్‌తో కొన నుంచి పైకి మిల్లీమీటరుకొక చుక్క చొప్పున పది చుక్కలు పెట్టండి. మళ్ళీ తడిబట్టలో వేర్లు కిందికి ఉండేలా పెట్టి ఒక రోజు వదిలేయండి.

మరునాడు చుక్కల మధ్య దూరం కొలవండి. పై చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. కొనకు కొంచెం వెనక ఉన్న చుక్కలు మాత్రం దూరం జరిగిపోయి, సాగి, గీతల్లా కనిపిస్తాయి. చిట్టచివర ఒకటి రెండు మిల్లీమీటర్లలో కణాలు విభజన చెందుతాయి. దాని వెనక భాగంలో పుట్టిన కణాలు పొడవు సాగుతాయి. ఇంకా పైన, సన్నటి నూగులా వేరు కేశాలు వచ్చిన చోట, కణాలు తమ తమ పనుల్లో కుదురుకున్నాయి: కొన్ని నీళ్ళు పీల్చేవి, కొన్ని నీళ్ళు మోసేవి. ఒకే వేరులో కింది నుంచి పైకి చూసుకుంటూ వెళ్తే పుట్టడం, పెరగడం, పనిలో చేరడం వరసగా ఉంటాయి.

4. స్లైడు చేయండి, కొన ఎటో మరిచిపోకండి

నాలుగో రోజు పొద్దున 8 నుంచి 10 గంటల మధ్య ఉల్లి వేర్ల కొనలు కత్తిరించండి. ఆ వేళలో విభజనలో ఉన్న కణాలు ఎక్కువగా దొరుకుతాయని చాలా ల్యాబు మాన్యువల్స్ చెబుతాయి, నా అనుభవమూ అదే. కత్తిరించిన కొనలను గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు, ఆల్కహాలు మూడు వంతులు కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచితే ఏ దశలో ఉన్న కణం ఆ దశలోనే ఆగిపోతుంది. తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మారిస్తే చాలా రోజులు నిలవ ఉంటాయి.

ల్యాబులో 1N (ఒక నార్మల్ గాఢత) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే కణాలను అతికించే పదార్థం మెత్తబడుతుంది. కడిగి, స్లైడు మీద పెట్టి, ఎసిటోకార్మిన్ రంగు చుక్క వేయండి. కొన మిగతా వేరు కంటే చిక్కగా ఎర్రబడుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లు ఉంచి మిగతాది తీసేయండి. కవర్ స్లిప్ వేసి, పైన బ్లాటింగ్ పేపరు పెట్టి, బొటనవేలితో నిలువుగా నొక్కండి. పక్కకు జరిపితే కణాలు చుట్టలు చుట్టుకుంటాయి.

నేను కొత్తగా చేరిన ఏడాది దీన్ని ఘనంగా పాడుచేశాను. వేర్లు పొడవుగా కత్తిరించి పెట్టించాను. రంగులో నానాక కొన ఎటు, తెగిన వైపు ఎటు అన్నది ఎవరూ చూడలేదు. ముప్పై మంది పిల్లలు ముప్పై స్లైడ్లు చేశారు. సగం స్లైడ్లలో పొడుగాటి ఇటుకల్లాంటి కణాలు తప్ప ఇంకేమీ లేవు, ఒక్క విభజనా లేదు. పిల్లలు నా మొహం చూస్తున్నారు. అప్పుడు తోచింది: అవి తప్పు స్లైడ్లు కావు, వేరు పై భాగంలోని స్లైడ్లు. విభజన మానేసి పనిలో చేరిన కణాలు అలాగే ఉంటాయి. అప్పటి నుంచి కావాలనే రెండు స్లైడ్లు చేయిస్తున్నాను, ఒకటి కొనది, ఇంకొకటి రెండు సెంటీమీటర్ల పైది.

కొన స్లైడులో 200 కణాలు లెక్కపెట్టండి. ఎక్కువ కణాల్లో కేంద్రకం గుండ్రంగా, లోపల ఏమీ విడివిడిగా తెలియకుండా ఉంటుంది. అది అంతర్దశ. కొన్నిట్లోనే క్రోమోజోములు దారాల్లా తేలి కనిపిస్తాయి. 200లో 20 అలాంటివి దొరికాయనుకోండి, అంటే పదో వంతు. ఆ కణాల పూర్తి చక్రం ఒక రోజు అనుకుంటే విభజనకు పట్టే సమయం అందులో పదో వంతు, దాదాపు రెండున్నర గంటలు. గడియారం లేకుండా, చచ్చిన కణాల స్లైడు చూసి సమయం లెక్కగట్టామన్నమాట. ఈ లెక్క చేసిన రోజు పిల్లల కళ్ళలో వెలుగు చూడాలి.

5. నాలుగు దారాలతో విభజన ఆడండి

ఇప్పుడు చూసినదాన్ని చేతులతో చేయాలి. మా ఇంట్లో ఇందుకు వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి నేల మీద పరుస్తాం. అదే కణం. ఒక్కో దారం ఒక్కో క్రోమోజోము: ఎర్ర దారం అమ్మ నుంచి వచ్చింది, నీలం దారం నాన్న నుంచి వచ్చింది అనుకోండి. జానెడు ఎర్రది ఒకటి, జానెడు నీలం ఒకటి, బెత్తెడు ఎర్రది ఒకటి, బెత్తెడు నీలం ఒకటి. రెండు జతలు చాలు. 23 జతలూ చేస్తామని ఒకసారి కూర్చుని సాయంత్రం దాకా చిక్కులు విప్పుకున్నాం.

మొదట నకలు తీయాలి. ప్రతి దారానికీ అదే రంగు, అదే పొడవున్న ఇంకొక దారం కత్తిరించి పక్కన పెట్టండి. దారాలు నడుమ భాగంలో ఒకదానికొకటి పట్టుకునేలా ప్రెస్ బటన్ కుట్టండి: ఒక సగం ఒక దారానికి, ఇంకొక సగం దాని నకలుకు. నాలుగు జతలకు నాలుగు బటన్లు పోతాయి, మిగతావి పోగొట్టుకోవడానికి. ఈ జంట దారాలే సోదర క్రోమాటిడ్‌లు. బటన్ ఉన్న చోటు సెంట్రోమియర్. కణంలో ఆ బటన్ పని చేసేది కోహెసిన్ అనే ప్రోటీన్, దారాలను ఉంగరంలా చుట్టి పట్టుకుంటుంది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగండి. క్రోమోజోములు దారాల్లా కనిపించడం మొదలయ్యేసరికి నకలు పని అయిపోయిందా, ఇంకా లేదా? అయిపోయింది. అంతర్దశలోనే, విభజన కంటికి కనబడక ముందే. నీట్‌లోనూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. అంతర్దశను "విశ్రాంతి దశ" అని ఎవరో పాత రోజుల్లో పిలిచారు, ఆ పేరు ఇంకా వదలడం లేదు. కణం అత్యంత కష్టమైన పని చేసేది అప్పుడే. ఒక్కో మనిషి కణంలో రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. దాన్నంతా ఎనిమిది గంటల్లో అక్షరం అక్షరం నకలు తీసి, తప్పులు దిద్ది, మళ్ళీ చుట్టిపెట్టాలి. దిద్దుబాట్లు కూడా అయ్యాక వంద కోట్ల అక్షరాలకు మిగిలే తప్పు దాదాపు ఒకటి.

ఇప్పుడు జంట దారాలను జంపఖానా నడుమ వరసగా పేర్చండి, అది మధ్యస్థ దశ. ప్రతి జంటలో ఒక దారానికి తూర్పు నుంచి ఒక తాడు, ఇంకొక దారానికి పడమర నుంచి ఒక తాడు కట్టండి. పుస్తకాల్లో వీటినే కండె పోగులంటారు. కొత్తవాడ మగ్గాల దగ్గరికి వెళ్ళినవాళ్ళకు కండె తెలుసు: నాడెలో పెట్టడానికి నూలు చుట్టిన చిన్న పుల్ల, నడుమ ఉబ్బి రెండు కొసలా సన్నబడుతుంది. మైక్రోస్కోపులో కనిపించే ఆకారం అచ్చం అదే. పుస్తకం రాసినవాళ్ళు నేతపని మాటను ఎంత చక్కగా తెచ్చి పెట్టారో, చదివే పిల్లల్లో చాలా మందికి ఆ మాటకు అర్థమే తెలియదు.

ఇద్దరు పిల్లలను అటొకరు ఇటొకరు కూర్చోబెట్టండి. నియమం ఒక్కటే: ఆఖరి దారానికి రెండు వైపులా తాడు కట్టేదాకా ఎవరూ లాగకూడదు. మా ఇంట్లో ఆడినప్పుడు చిన్నోడికి ఓపిక లేక ముందే లాగేశాడు. ఒక జంట మొత్తం వాడి వైపే వచ్చేసింది. లెక్కపెడితే వాడి వైపు 5, అక్క వైపు 3. "ఎక్కువ నాకే వచ్చినయ్!" అని వాడి సంబరం. కణానికి మాత్రం అది సంబరం కాదు. ఎక్కువైనా తక్కువైనా చాలాసార్లు ఆ కణం బతకదు. అందుకే కణంలో కాపలా ఉంది. ఒక్క క్రోమోజోముకు తాడు అందకపోయినా "ఆగు" అనే సంకేతం వెళ్తుంది. అందరికీ అందాకే సెపరేస్ అనే ఎంజైమ్ బటన్లు తెంపుతుంది, అప్పుడు ఒక్కసారిగా అన్ని జంటలూ విడిపోతాయి. అది చలన దశ. రెండు గుంపుల చుట్టూ మళ్ళీ పొరలు ఏర్పడడం అంత్య దశ, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

అండం, శుక్రకణం తయారయ్యేది వేరే ఆట, క్షయకరణ విభజన. అందులో ముందు ఎర్ర జంట ఒక వైపు, నీలం జంట ఒక వైపు పోతాయి, తర్వాత మళ్ళీ విడిపోయి చివరికి 23 మిగులుతాయి. అదే దారాలతో ఇంకొక రోజు ఆడండి. చిన్నోడు చేసిన పొరపాటు ఆ ఆటలో జరిగి, 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ వస్తే పుట్టే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది.

6. ఉల్లిని వదిలి మనిషి దగ్గరికి రండి

తేడాలు రెండే గుర్తుంచుకోండి. ఉల్లి కణానికి గట్టి గోడ ఉంది కాబట్టి నడుమ కొత్త గోడ కట్టుకుని రెండవుతుంది. మన కణానికి గోడ లేదు. నడుముకు తాడు బిగించినట్టు నొక్కుకుని, సన్నబడి, తెగుతుంది. రెండోది, మన కణంలో కండె పోగులు రెండు సెంట్రియోల్ జతల దగ్గర నుంచి బయలుదేరతాయి, ఉల్లికి అవి లేవు.

ల్యాబులో పెంచే మనిషి కణానికి ఒక చక్రం దాదాపు 24 గంటలు. అందులో కంటికి కనిపించే విభజన ఒక్క గంట. ఒంట్లో మాత్రం అన్నీ ఒకే వేగంతో నడవవు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి మొత్తం కొత్తదవుతుంది. చర్మం పై పొరకు నెల పడుతుంది. కాలేయ కణం మామూలుగా నిద్రలో ఉన్నట్టుంటుంది, దెబ్బ తగిలితే లేచి విభజన మొదలుపెడుతుంది. గుండె కండర కణాలు ఏడాదికి నూటికి ఒకటి కూడా కొత్తవి రావు. అందుకే హార్ట్ ఎటాక్ వచ్చిన చోట మచ్చ మిగిలిపోతుంది.

చెంప లోపల పుల్లతో మెల్లగా గీకి మిథిలీన్ బ్లూ వేసి చూడండి. పెద్ద పలుచటి కణాలు, నడుమ చుక్కలా కేంద్రకం. ఎంత వెతికినా విభజన దొరకదు. అవి పైకి వచ్చి రాలిపోబోతున్న కణాలు. విభజన జరిగేది అడుగు పొరలో. మక్క వేరులో కింద నుంచి పైకి చూసిన వరసే చెంపలో లోపలి నుంచి బయటికి ఉంది.

7. ఎవరే పని చేయాలో ఎలా తేలుతుందంటే

ఇక అసలు ప్రశ్న. 46 క్రోమోజోములూ తు.చ. తప్పకుండా పంచుకున్న కణాలు వేర్వేరుగా ఎలా మారతాయి?

పదో తరగతి దాకా అందరిదీ ఒకటే చదువు. తర్వాత ఎంపీసీ, బైపీసీ, సీఈసీ. బైపీసీ తీసుకున్నాక మెడిసిన్, అగ్రికల్చర్, నర్సింగ్ ఇలా దారులు చీలతాయి, ఇంజినీరింగ్ వైపు తలుపు దాదాపు మూసుకుంటుంది. కణాలదీ ఇదే దారి. కణం గ్రూపు తనంతట తను ఎంచుకోదు. ఎక్కడ కూర్చుంది, పక్కవాళ్ళు ఏం చెబుతున్నారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. మన ఇళ్ళల్లో కూడా గ్రూపు తేల్చేది పిల్లలు కాదు, మేనమామలు, పక్కింటివాళ్ళే కాబట్టి పోలిక ఇక్కడ దాకా బాగానే కుదిరింది.

ఒక్క చోట మాత్రం కుదరదు. బైపీసీ పిల్లవాడు మ్యాథ్స్ పుస్తకాలు తమ్ముడికి ఇచ్చేస్తాడు. కణం ఏ పుస్తకమూ ఎవరికీ ఇవ్వదు. ప్రోటీన్లు తయారు చేసే సుమారు 20 వేల జన్యువులూ దాని సంచిలోనే ఉంటాయి. తనకు అక్కర్లేనివి గట్టిగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెడుతుంది. డీఎన్ఏ హిస్టోన్ ప్రోటీన్ల మీద బిగుతుగా చుట్టుకుంటే ఆ భాగం చదవడానికి అందదు. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు పడితే "ఇది తెరవొద్దు" అని అర్థం. కణం రెండైనప్పుడు ఈ గుర్తులు కూడా నకలవుతాయి, అందుకే కాలేయ కణానికి కాలేయ కణమే పుడుతుంది. తెరిచి చదివించేవి కూడా ప్రోటీన్లే. మయోడీ అనే ఒక్క ప్రోటీన్‌ను ల్యాబులో బంధక కణజాల కణంలో తయారయ్యేలా చేస్తే అది కండర కణంగా మారిపోతుందని 1987లో తేలింది.

పుస్తకాలన్నీ సంచిలోనే ఉన్నాయని రుజువేంటని తెలివైన పిల్లలు అడుగుతారు. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప (కప్ప పిల్ల) పేగు కణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం లేని అండంలో పెట్టాడు. కొన్ని అండాలు పూర్తి కప్పలుగా ఎదిగాయి. పేగు కేంద్రకంలో కన్నుకూ, కాలుకూ సమాచారం లేకపోతే కప్ప ఎలా వస్తుంది? 2006లో జపాన్‌లో షిన్యా యమనాక ఎలుక చర్మ కణాలకు నాలుగే నాలుగు జన్యువులు అందించి, వాటిని మళ్ళీ పదో తరగతికి పంపినట్టు మూలకణాలుగా మార్చాడు. ఇద్దరికీ కలిపి 2012లో నోబెల్ వచ్చింది.

8. మొదటి మూడు వారాలను గోడ మీద క్యాలెండరులా గీయండి

ఫలదీకరణ రోజును సున్నా అనుకోండి. ఒక రోజు దాటాక మొదటి విభజన. రెండో రోజుకు నాలుగు, మూడో రోజుకు ఎనిమిది కణాలు. ఈ విభజనల్లో పిండం సైజు పెరగదు, ఉన్న ముద్దనే కోసుకుంటూ పోతుంది. అయిదో రోజుకు లోపల నీటి బుడగ ఉన్న బంతి అవుతుంది, బ్లాస్టోసిస్ట్. మొదటి గ్రూపు విభజన ఇక్కడే: బయట ఉన్న కణాలు మాయ వైపు పోతాయి, లోపల ఒక మూలకు చేరిన ముద్ద బిడ్డ అవుతుంది. ఈ దశలో పిండం రెండుగా చీలితే రెండు భాగాలూ పూర్తి బిడ్డలవుతాయి, వాళ్ళే ఒకే పోలిక కవలలు.

మూడో వారంలో అసలు గ్రూపులు, మూడు పొరలుగా, వస్తాయి. ఇక్కడ మూడు రంగుల పెన్నులు వాడండి. బహిస్త్వచం నుంచి చర్మం పై పొర, మెదడు, నాడులు. మధ్యస్త్వచం నుంచి కండరాలు, ఎముకలు, రక్తం, గుండె, మూత్రపిండాలు. అంతస్త్వచం నుంచి పేగు లోపలి పొర, కాలేయం, ఊపిరితిత్తుల లోపలి పొర. మెదడూ, చర్మమూ ఒకే గ్రూపు నుంచి వచ్చాయని చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. 22వ రోజుకల్లా గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. చాలా మంది తల్లులకు అప్పటికింకా గర్భం సంగతి తెలిసి కొద్ది రోజులే అయి ఉంటుంది.

9. ఒక్క కణాన్ని చివరి దాకా వెంబడించండి

అన్ని కణాలూ చదవడం కంటే ఒకదాన్ని పూర్తిగా చదవడం మేలు. నేను ఎర్ర రక్తకణాన్ని తీసుకుంటాను. ఎముక మూలుగలో ఒక మూలకణం విభజన చెందుతుంది. ఒక పిల్ల మూలకణంగానే ఉండిపోతుంది, ఇంకొకటి పనికి బయలుదేరుతుంది. మూత్రపిండాల నుంచి వచ్చే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను "ఎర్రకణం కావాలి" అని కబురు తెస్తుంది. బయలుదేరిన కణం ఇంకొన్నిసార్లు విభజన చెందుతూనే హిమోగ్లోబిన్ నింపుకోవడం మొదలుపెడుతుంది. ప్రతి విభజనకూ చిన్నదవుతుంది, ఎర్రబడుతుంది. చివరికి దాదాపు వారానికి కేంద్రకాన్నే బయటికి నెట్టేస్తుంది, పక్కన ఉన్న మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగేస్తుంది. సంచిలో పుస్తకాలన్నీ దాచుకుంటుందని ఇప్పుడే చెప్పాను కదా, ఇది దానికి పెద్ద మినహాయింపు. ఇక విభజన లేదు, మరమ్మతు లేదు. ఒక్కో కణంలో 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులతో 120 రోజులు తిరిగి, ముగిసిపోతుంది.

దీనికి మన పక్కనే ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ గిరిజన గూడేల్లో సికిల్ సెల్ జబ్బు కుటుంబాలకు కుటుంబాలనే వేధిస్తోంది. 11వ క్రోమోజోము మీద హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే, ప్రోటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం కొడవలిలా వంగిపోతుంది. ఇప్పుడు పిల్లలను ఇలా అడగండి: ఆ మారిన అక్షరం ఆ మనిషి కంటిలో, కాలేయంలో, చర్మంలో ఉందా? ఉంది, కేంద్రకమున్న ప్రతి కణంలోనూ ఉంది. మరి వంగిపోయేది ఎర్రకణమే ఎందుకు? ఆ పుట తెరిచి చదివేది అదొక్కటే కాబట్టి. మిగతా కణాల్లో తప్పు అచ్చయిన పుట రబ్బరు బ్యాండు కింద పడుంది.

ఇంకో సంగతి. ఈ జబ్బున్న పిల్లలు పుట్టిన మొదటి నెలల్లో బాగానే ఉంటారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వేరే జన్యువు చదివి వేరే హిమోగ్లోబిన్ తయారు చేసుకుంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో ఆ పుట మూసి, పెద్దవాళ్ళ పుట తెరుస్తుంది. తప్పు ఉన్నది ఆ రెండో పుటలో. మూసిన మొదటి పుటను మళ్ళీ తెరిస్తే? 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్జెవీ చికిత్స చేసేది ఇదే. రోగి రక్త మూలకణాలు బయటికి తీసి, ఆ పుటను మూసి ఉంచే స్విచ్చును కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. ఖర్చు మామూలు మనిషి ఊహకు కూడా అందదు. మన దగ్గర ప్రస్తుతానికి చేయగలిగింది ముందుగా రక్త పరీక్ష. అమ్మానాన్నలిద్దరికీ ఆ జన్యువు ఒక్కొక్క ప్రతి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలైలో మొదలైంది, పరీక్షలు దాని కిందే జరుగుతున్నాయి. ఆ ప్రాంతం పిల్లలెవరైనా ఇది చదువుతుంటే పెళ్ళి కాకముందే ఆ రక్త పరీక్ష చేయించుకుని, ఫలితం రాసిన కార్డు తీసుకోండి.

10. బ్రేకు ఎక్కడుందో చూడండి

విభజన మొదలుపెట్టడం కంటే ఆపడం కష్టమైన విద్య. గర్భంలో బిడ్డ చెయ్యి మొదట బాతు కాలిలా ఉంటుంది. వేళ్ళ మధ్య కణాలు చెప్పినట్టు చచ్చిపోతేనే వేళ్ళు విడతాయి. డీఎన్ఏ దెబ్బతింటే పీ53 అనే ప్రోటీన్ విభజనను ఆపుతుంది, బాగుకాకపోతే ఆ కణాన్ని చావమంటుంది. ఇలాంటి బ్రేకులు ఒకదాని తర్వాత ఒకటి పోతే క్యాన్సర్.

ఇంటి ముందు గులాబీ రంగు పూలు పూసే బిళ్ళగన్నేరును చూపించి ఈ మెట్టు ముగిస్తాను. దాని నుంచి తీసే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు కండె పోగులు అల్లుకోకుండా చేస్తాయి. క్రోమోజోములు తాడు కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి, కాపలా "ఆగు" అంటూనే ఉంటుంది, చివరికి కణం చచ్చిపోతుంది. ఇలా విభజన మీద దెబ్బకొట్టే మందులు క్యాన్సర్ కణాన్నీ, మామూలు కణాన్నీ వేరు చేసి చూడవు. ఎవరు తొందరగా విభజన చెందుతుంటే వాళ్ళను పట్టుకుంటాయి. కీమోలో జుట్టు రాలేదీ, నోరు పూసేదీ, రక్తకణాలు తగ్గేదీ అందుకే. ఆకులు నమిలే ప్రయోగాలు మాత్రం చేయకండి, అది విషం.

11. చివరగా, పుస్తకం మూసి ఈ మూడు ప్రశ్నలు

ఇంట్లో బయాలజీ చదవని వాళ్ళెవరైనా ఒకరిని కూర్చోబెట్టి, దశల పేర్లు ఒక్కటి కూడా వాడకుండా జవాబు చెప్పండి. మీ చర్మ కణంలో ఇన్సులిన్ జన్యువు ఉందా, ఉంటే చర్మం ఇన్సులిన్ ఎందుకు తయారు చేయదు? రక్త నమూనా నుంచి డీఎన్ఏ పరీక్ష చేస్తారు కదా, ఎర్రకణంలో కేంద్రకమే లేనప్పుడు ఆ డీఎన్ఏ ఎక్కడిది? మూడోది కొంచెం గట్టిది: విభజనలో నకలు తీసే ముందే తాళ్ళు లాగితే జంపఖానా మీద ఏం జరుగుతుంది?

మూడోదానికి మా చిన్నోడు దారాలు ముందు పెట్టుకుని చాలాసేపు చూసి, "లాగడానికి ఇంకో దారమే లేదు గద అమ్మా" అన్నాడు. దశల పేర్లు వాడికింకా ఒక్కటీ రావు.